ఏడుపు రాసిన నోటుబుక్కు

తిరుపతి,
12-1-1947.

ఒరే హీర్యా,

నీ అన్న రామ్లా బాగుండాడు. నువ్వూ, నీ తాండా బడిపిల్లకాయలూ బాగుండారనుకుంటా. అంగట్లో కూర్చోని రాస్తా ఉండా. మధ్యలో కుంకుడుకాయల బేరమొస్తే అక్షరం వంకర పోతాది, సర్దుకో. ఇది శీకాయ పొట్లాలు కట్టే కాయితం. చదివేటప్పుడు తుమ్మొస్తే నన్ను తిట్టొద్దు. మంచి కాయితం యాడా దొరకలా.

మీ వొదిన విరిగిన కాలు అట్లనే ఉండాది. మునిరామయ్య కట్టు కట్టి, మూడు నెలలు మంచం దిగొద్దన్నాడు. ఇంటి పనంతా బిడ్డ జమ్లీ మీదనే.

అసలు సంగతికొస్తా. మొన్న బేస్తవారం మదనపల్లె పక్క తాండా నుంచి సోనీబాయి కొడుకును ఎంటబెట్టుకోని జమ్లీని చూసేదానికొచ్చింది. పిల్లోడు నెమ్మదస్తుడు, నాకు నచ్చినాడు. జమ్లీ కూడా తలుపు సందులోంచి రెండుమాట్లు చూసింది, అంటే దానికీ నచ్చినట్టే. సోనీబాయి పిల్లను పైకీ కిందకీ చూసి, "దీనికి ఏడ్సేది వస్తాదా?" అనింది. నేను నవ్వి, "మీరు ఏడిపించకుండా చూసుకుంటే చాలమ్మా" అన్నా. ఆమె నవ్వలా.

మన లంబాడోళ్ళ గోర్ పెండ్లిలో పిల్ల ఒక్కొక్కరి మెడా పట్టుకోని ఒక్కొక్కరికీ ఒక ఏడుపు పాట, ఒక ఢావ్లో, ఏడవాల గదా. కడాకు అలంకరించిన ఎద్దు మీద నిలబడి పుట్టింటికి ఏడవాల. ఆడోళ్ళు నెలల తరబడి దగ్గరుండి నేర్పిస్తారు. జమ్లీకి ఎవురు నేర్పుతారు? తల్లి తెలుగు మనిషాయె. నేను అంగడి పెట్టినాక రామ్లాను కాదు, రామయ్యనైపోతి. సోనీబాయి తెగేసి చెప్పింది: "నువ్వు బయట పిల్లను చేసుకున్నావు, నిన్ను కూటంలో కూర్చోబెట్టం. పిల్లను మాత్రం కలుపుకుంటాం. ఏడ్సేది వస్తే మా పిల్ల. ఎద్దు మీద మూగదాని మాదిరి నిలబడితే ఆడనే దించేసి పోతాం." పెండ్లి వైశాఖంలో.

నువ్వు మన మాటను తెలుగు అక్షరాల్లో రాసే పని పెట్టుకున్నావని ఇన్నప్పుడు పనిలేని పని అని నవ్వినా. ఒప్పుకుంటా. ఇప్పుడా పనే కావాల. ఆ ఏడుపులు రాసి పోస్టులో పంపు. పిల్ల చదివి నేర్చుకుంటాది.

నీ అన్న,
రామ్లా


కోనతాండా, పీలేరు దగ్గర.
20-1-1947.

అన్నా,

నీ జాబు వాసన మూడిళ్ళ అవతలికి తెలిసింది. తుమ్మినాను, తిట్టలేదు.

నువ్వు నవ్విన పని ఎందుకు పెట్టుకున్నానో ఒకసారి చెప్పనీ. నా బడిలో ముప్పై ఒక్కమంది. తెలుగు వాచకం తెరిచి "ఇల్లు" అంటే గోడ వైపు చూస్తారు. ఇంట్లో వాళ్ళు వినేది "ఘర్". అందుకే మొదట "ఘర్" రాసి, తరువాత "ఇల్లు" చూపిస్తున్నాను. మాట చివర పొల్లు తప్పకుండా పెట్టాలి, లేకుంటే తెలుగు చదివిన నోరు "ఘరు" అంటుంది. ముక్కుతో పలికే చోట అరసున్న పెట్టినాను. తెలుగువాళ్ళు దాన్ని ఎట్లాగూ వదిలేస్తున్నారు కదా, మనం తెచ్చుకుందాం. ఇప్పటికి నోటుబుక్కులో ఆరువందల మాటలు చేరినాయి.

తాండాకు మాత్రం ఇది నచ్చలేదు. మన పేర్లు రాసిన పుస్తకం ఇంతవరకు ఒక్కటే ఉంది, అది పోలీసుస్టేషన్లో ఉంది. మనది దొంగల జాతి అని చట్టం చేసినారు కదా, పొద్దు గూకితే ఇప్పటికీ మగవాళ్ళంతా పోయి పేరు పిలిస్తే పలికి రావాలి. తాండా పెద్ద నాయక్ నన్ను రచ్చబండ దగ్గర నిలబెట్టి, "మన మాట ఒక్కటే వాళ్ళకు అందలేదు. దాన్ని కూడా కాగితంలో పెట్టి ఇస్తావా అబ్బా?" అన్నాడు.

ఏడుపులు బాగా తెలిసింది చాంప్లీ అవ్వకు. పోయి అడిగినాను. "చేతికి మెడ లేకుండా ఎట్ల ఏడ్సేదిరా? ఏడుపంటే లెక్కల పద్దా, చెప్పి రాయించేదానికి?" అని లోపలికి పోయింది. మళ్ళీ అడుగుతాను. మాటివ్వలేను.

వొదిన కాలు జాగ్రత్త.

తమ్ముడు,
హీర్యా


తిరుపతి,
26-1-1947.

ఒరే తమ్ముడా,

నాయక్ మాటలు పెద్దగా పట్టించుకోవాకు. నా పెండ్లప్పుడు కూడా అట్లనే గడ్డం నిమురుతా మాట్లాడినాడు. నాకూ ఒక ఇబ్బంది ఉండాది మరి. గిరాకీ ముందర జమ్లీకి ఏమన్నా చెప్పాలంటే నాలుగు గోర్ ముక్కలే గదా నాకు దిక్కు. ఊరంతా చదివేస్తే అవీ పోతాయి. అయినా సరే, రాయి.

మెడ కావాలంటే నీ మెడ ఇయ్యి. దాంట్లో సిగ్గేముండాది? ఈ జాబుతో బండోడు ఓబయ్య చేత పొగాకు కట్ట పంపుతా ఉండా, అవ్వ ముందర పెట్టి గమ్మున కూర్చో. అడగొద్దు. ముసిలోళ్ళు అడిగితే ఇయ్యరు, అడక్కుంటే ఆపరు.

జమ్లీ నువ్వు పంపిన అక్షరాల పద్ధతి కాయితాన్ని పిండి డబ్బా మీద అతికించుకునింది. "నాయనా, ఈడ ముక్కుతో అనాల, నువ్వు నోటితో అంటాండావు" అని నన్నే దిద్దతాది. నా మాట నాకే నేర్పే కాలమొచ్చింది.

సోనీబాయి మళ్ళా కబురంపింది. మార్చి నెల మొదట్లో పెండ్లి సామాను ఇచ్చేదానికి ఆమె తమ్ముడు ఠాక్ర్యా వస్తాడంట. "అప్పుటికి పిల్లకు ఒక్క ఢావ్లో అన్నా రావాల, వాడు ఇని చెప్తాడు" అనిందంట.

రామ్లా


కోనతాండా,
16-2-1947.

అన్నా,

దొరికింది. దీనితో నాలుగు పేజీలు పంపుతున్నాను.

నువ్వు చెప్పినట్టే పొగాకు పెట్టి కూర్చున్నాను. మూడురోజులు అవ్వ నా వైపు చూడలేదు. నాలుగోరోజు జొన్నలు చెరుగుతూ ఉన్నట్టుండి చేట పక్కన పెట్టి నా మెడ పట్టుకుంది. అంత బలం ఆ చేతుల్లో ఉందనుకోలేదు. నా చొక్కా భుజమంతా తడిసింది. అప్పుడు రాసుకునే వీలు లేదు. విడిపించుకున్నాక నేరుగా బడికి పోయి తలుపేసుకుని, గుర్తున్నది గుర్తున్నట్టు నోటుబుక్కులో రాసి, నీకు నకలు తీసినాను.

ఒక సంగతి చెప్పాలి. మగవాళ్ళం మనం ఏడుపులు ఎప్పుడూ బయట కూర్చునే విన్నాం. దగ్గరగా వినడం నాకిదే మొదలు. అందుకని తప్పులుంటే క్షమించు. వెక్కు వచ్చే చోట నిలువు గీత పెట్టినాను, ఆడ ఊపిరి తెగాలి. మధ్యలో "కేస్లీ" అని ఒక పేరు వస్తుంది. ఏ కాలపు పెండ్లికూతురో మరి, మన తాండాలో ఆ పేరు నేనెరగను. ఆ చోట జమ్లీ తన పేరు పెట్టుకోవాలనుకుంటాను.

"నీ అద్దాల రవిక పెట్టెలోనే ఉండాది, నీ గాజులు నా చేతిలోనే ఉండాయి, ఎనక్కి చూడకుండా ఏ దారి పట్టినావు" అని దాని అర్థం. తెలుగులో చెప్తే సగమైనా రాలేదు.

అవ్వకు ఇది పోస్టులో పోతున్నట్టు చెప్పలేదు. చెప్పాల్సిందేమో.

హీర్యా


తిరుపతి,
4-3-1947.

ఒరే హీర్యా, నువ్వు సామాన్యుడివి కాదురా!

పిల్ల పద్దినాల్లో నేర్చేసింది. మొదటి రెండు దినాలు చదివింది. మూడో దినం ఏడ్సింది. నీ నిలువు గీత కాడ ఊపిరి తెంపుతాంటే నేను చింతపండు తూస్తా ఉండినా, వీశెకు ఎంత ఎక్కువేసినానో నాకే తెలీదు. పక్కింటి పంకజాక్షమ్మ పరిగెత్తుకొచ్చి, "ఏమైందే? ఎవురు పోయినారు?" అని అడిగింది. పెండ్లి పాటమ్మా అంటే నమ్మలా.

మీ వొదిన మాత్రం మంచంలో గోడ పక్కకు తిరిగి పడుకోనుండాది. "మీ మాటలో ఏడిస్తే అది నా బిడ్డ మాదిరి లేదు" అనింది. నేను లేచి అంగట్లోకొచ్చేసినా.

నిన్న నేను కార్వేటినగరం సంతకు పోయుంటి. అప్పుడే ఠాక్ర్యా వచ్చినాడంట. పంకజాక్షమ్మ చూసింది. గడప దాకా వచ్చి, లోపల పిల్ల ఏడుపు ఇని, అట్లనే నిలబడిపోయినాడంట. పసుపు గుడ్డ మూట మెట్టు మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా ఎనక్కి ఎనక్కి నడిచి పోయినాడంట. ఏడుపు అంత బాగుండాది మరి! మనిషి కరిగిపోయినట్టుండాడు. ఇంక దిగుల్లేదు.

నీకు రెండు దస్తాలు తెల్లకాయితం యాడనుంచైనా సంపాయిస్తా.

రామ్లా


కోనతాండా,
9-3-1947.

అన్నా,

ఏమని మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించినాను. ఆ పేజీలు పంపినాక నీ జాబు ఇంకా ఏదీ అందలేదు.

నిన్న సోనీబాయి తాండా నుంచి మనిషి వచ్చి జమ్లీ చనిపోయిందని చెప్పినాడు. ఠాక్ర్యా తిరుపతిలో మీ గడప ముందు నిలబడి చెవులారా విన్నాడట. "జమ్లీ, ఎనక్కి చూడకుండా ఏ దారి పట్టినావు" అని లోపల ఆడమనిషి ఏడుస్తోందట. పెండ్లి సామాను చేతిలో ఉన్నవాడు చావింటి గడప ముందు నోరు తెరవకూడదు కదా, అందుకని మూట దించి వచ్చేసినాడట. వాళ్ళింట్లో మూడురోజులు పొయ్యి వెలిగించలేదు. ఇక్కడ ఆడవాళ్ళంతా చాంప్లీ అవ్వ గుడిసె ముందు చేరినారు.

నాకు ఒక అనుమానం ఉంది. అది నిజమైతే బాగుండునని కోరుకుంటున్నాను, నిజమైతే తప్పంతా నాదే. ఒక్క కార్డు రాయి. పిల్ల ఉందని ఒక్క మాట.

హీర్యా


తిరుపతి,
12-3-1947.

ఉండాదిరా! ఉండాది! ఈ కార్డు రాసేటప్పుడు నా ముందరే రెండోమాటు సంగటి గెలకతా ఉండాది. నీ జాబు చదివి గెంటె పట్టుకోనే నిలబడిపోయింది, సంగటి మాడిపోయింది. మీ వొదిన పిల్లను మంచం మీదకు లాక్కోని శానాసేపు వదల్లా.

ఒరే, నువ్వు పంపింది ఏం పాటరా? నిజం చెప్పు.

రామ్లా


కోనతాండా,
17-3-1947.

అన్నా,

కార్డు అందిన వెంటనే చాంప్లీ అవ్వ దగ్గరికి పోయి అంతా చెప్పినాను. ఆమె చివరిదాకా విన్నది. తరువాత, "నేను పెండ్లి ఏడుపే ఏడుద్దామనుకుంటిరా. చేతికి మెడ దొరికేతలికి నా బిడ్డే వచ్చింది" అంది.

కేస్లీ ఆమె కూతురు. నేను పుట్టకముందు కలరా గత్తరలో పోయిందట, పెండ్లి కుదిరినాక. అంటే నేను పంపింది చావు ఏడుపు. పెండ్లిలో పోయే పిల్ల ఉన్నవాళ్ళను పిలిచి ఏడుస్తుంది, చావులో ఉన్నవాళ్ళు పోయిన పిల్లను పిలిచి ఏడుస్తారు. తాండాలో ఏడేళ్ళ ఆడపిల్లకు కూడా తెలిసిన తేడా. బయట కూర్చున్న నాకు తెలియలేదు. పైగా చనిపోయిన పిల్ల పేరు తీసి అక్కడ నీ కూతురి పేరు పెట్టమని నా చేత్తోనే రాసినాను.

సోనీబాయి ఇక్కడికి వచ్చి నాయక్ ముందు కూర్చుంది. "బతికుండే పిల్లకు చావు ఏడ్సినారు. ఆ పిల్లను నా ఎద్దు ఎక్కనియ్యను. దీనికంతా ఆ కాగితమే మూలం" అంది. ముప్పయ్యో తేదీ ఆదివారం కూటం. నోటుబుక్కు అందరి ముందు కాల్చి, ఇకమీదట మన మాట రాయనని నేను ప్రమాణం చెయ్యాలట. అట్లా చేస్తే సంబంధం సంగతి ఆలోచిస్తుందట.

కాల్చేస్తానన్నాను. ఆరువందల మాటలు జమ్లీ పెండ్లికంటే ఎక్కువ కాదు. నువ్వేమీ అనుకోవద్దు.

హీర్యా


తిరుపతి,
21-3-1947.

ఒరే హీర్యా,

కాల్చావంటే నా గడప తొక్కొద్దు.

నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. రెండు దినాలు నీ పేరెత్తితే పండ్లు కొరికినా. నా బిడ్డకు నా చెవులారా చావు ఏడుపు ఇంటి గదా, దాన్ని ఇని నీకు శభాష్ అని రాస్తి గదా. ఆ రాత చూసుకుంటే సిగ్గేస్తాది. అయితే ఒకటి ఇను. పదిహేడేండ్లు నా కూతురికి నాలుగు ముక్కలు తప్ప నా మాట నేను నేర్పలా. బజారులో రామయ్య కూతురుగా ఉంటే మేలనుకుంటి. నీ నాలుగు కాయితాలు పద్దినాల్లో నేర్పినాయి. తప్పు పాటే కానీ, ఆ నోరు మాత్రం మన నోరే. దాన్ని కాలిస్తే ఆమె మళ్ళా మూగదే.

అట్లని పెండ్లి పోతాదంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు. కూటంలో కూర్చునే హక్కు నాకు లేదు. మీ వొదిన రాత్రంతా అట్లా ఇట్లా పొర్లి, పొద్దున్నే అనింది: "నేను పోతా. నా బిడ్డ బతికుండాదని తల్లి చెప్తే కాదనేదెవురు?" కాలు కట్టుతోనే. మునిరామయ్య అరిచినాడు, ఆమె ఇనలా. కూటానికి ముందర శనివారం పాకాల రైల్లో పీలేరుకొస్తారు తల్లీకూతుర్లు. బండి తెచ్చి ఉండు. వొదినకు మన మాట ఒక్క ముక్క రాదు, నువ్వే పక్కన ఉండి చెప్పాల.

నేను ఈడ అంగట్లో కూర్చోనుంటా. ఏమైందో దాచకుండా రాయి. చెడ్డదైనా సరే.

రామ్లా


కోనతాండా,
31-3-1947.

అన్నా,

దాచకుండా రాస్తున్నాను.

వొదినను బండిలోంచి దించి నులకమంచం మీద కూర్చోబెట్టినాం. తాండా అంతా జమ్లీని చూసి గుసగుసలు పోయింది. ఒకామె ముట్టుకుని కూడా చూసింది. వొదిన తెలుగులోనే అంది: "నా బిడ్డ పోయిందని మీరంతా ఏడ్సినారంట. ఏడ్సినోళ్ళందరికీ దండం. బిడ్డ ఇదో, చూసుకోండి." నేను మన మాటలో చెప్పినాను.

సోనీబాయి మాత్రం తగ్గలేదు. "బతికుండాది సరే. దాని పేరుతో ఏడ్సిన చావు ఏడుపు యాడికి పోతాది? కాగితంలో దాని పేరే ఉండాది గదా" అంది. నాయక్ నిప్పు తెమ్మన్నాడు. తెచ్చినారు. నేను నోటుబుక్కు బయటికి తీసినాను. అన్నా, నీ మాట వినేవాణ్ణి కాదు, నిప్పులో పెట్టేవాణ్ణే. జమ్లీ మొహం చూస్తే ఇంకేం చేస్తాను?

చాంప్లీ అవ్వ లేచింది. "దాంట్లో ఎవురి పేరుండాదో ముందు సదవనీ" అంది. నేను చదవబోతే, "నువ్వు గాదు. నువ్వు నీకు కావల్సింది సదువుతావు" అని సోనీబాయి అడ్డం పడింది. చివరికి నాయక్ మనవరాల్ని పిలిచినారు, నా బడిలో రెండో తరగతి. ఆ పిల్ల వేలు పెట్టుకుంటూ, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ వచ్చి, పొల్లు దగ్గర ఆగి, నిలువు గీత దగ్గర నిజంగానే ఊపిరి తెంపి, "కేస్లీ" అని చదివింది.

చాంప్లీ అవ్వ ఆ పిల్ల పక్కనే కూర్చుంది. "మళ్ళా సదవమను" అంది. పిల్ల మళ్ళీ చదివింది. నలభై ఏళ్ళుగా ఆ పేరు ఈ తాండాలో ఎవరూ పలకలేదట.

అప్పుడు జమ్లీ, ఎవరూ చెప్పకుండానే, పోయి అవ్వ మెడ పట్టుకుంది. మొదటినుంచి చివరిదాకా ఏడ్చింది, తన పేరు పెట్టకుండా, కేస్లీ పేరుతోనే. అవ్వ కూడా కలిసింది. ఇద్దరి ఊపిరీ ఒకే చోట తెగింది. బయట కూర్చున్న మగవాళ్ళు తలలు దించుకున్నారు. ఈసారి నేను బయట కూర్చోలేదు.

ఏడుపు అయినాక అవ్వ సోనీబాయితో అంది: "ఎవురి ఏడుపు వాళ్ళకు చేరింది. ఈ పిల్లది ఇంకేం లేదు దాంట్లో." తరువాత నా చేతిలోంచి నోటుబుక్కు లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. "స్టేషన్లో పుస్తకం బతికినోళ్ళను పట్టేదానికి. నా బిడ్డను పెట్టుకునింది ఇదొక్కటే. కాల్సేవాళ్ళు నా ఒళ్ళోంచి తీసుకోండి" అంది.

ఎవరూ తీసుకోలేదు. నిప్పు అట్లే ఆరిపోయింది.

సోనీబాయి అంత తొందరగా మెత్తబడే మనిషి కాదు. పెండ్లి దాకా జమ్లీ అవ్వ దగ్గరే ఉండి నోటితో నేర్చుకోవాలంది, కాగితంతో కాదు. అవ్వ నాకు ఒక షరతు పెట్టింది: రాసే ప్రతి ఏడుపు పైనా అది ఎవరికి ఏడ్చినదో, ఎవరు ఏడ్చినదో పేర్లు ముందు రాయాలి. ఇంత అక్షరాల పద్ధతి కట్టి, ఆ ఒక్కటీ నాకు తట్టలేదు.

వొదిన గురువారం రైలుకు ఒక్కతే వస్తుంది, స్టేషన్‌కు పో. దారంతా మాట్లాడించు. పిల్లను ఇక్కడ వదలడం ఆమెకు తేలిక కాలేదు.

హీర్యా


తిరుపతి,
18-5-1947.

హీర్యా,

పెండ్లి నుంచి వచ్చి అయిదు దినాలాయె. అంగడి తెరిచినా, కూర్చున్నా, తక్కెడ తుడిచినా. పిండి డబ్బా మీద నీ అక్షరాల కాయితం అట్లనే ఉండాది, పీకబుద్ధి కాలా.

పెండ్లిలో నన్ను ఓరగా నిలబెట్టినారు, ఆ సంగతి ఇడు. ఎద్దు మీద నిలబడి పిల్ల రెండు చేతులూ ఎత్తితే సోనీబాయి కండ్లు తుడుచుకునింది, అది నేను చూసినా. నా కాడికొచ్చి ఏడ్సింది. నాకు అర్థమయింది. తాండాను ఇడిచిపెట్టి పోయినోడి ఇంటినుంచి నేను తాండాకు పోతా ఉండా అనింది. అంతకంటే ఏం కావాల?

మీ వొదిన మెడ పట్టుకోని మాత్రం శానాసేపు ఏడ్సింది. అందరికంటే ఎక్కువసేపు. అది అవ్వ నేర్పింది కాదంట, పిల్లే సొంతంగా కట్టుకునిందంట. మీ వొదిన నా పక్కకు తిరిగి, "ఏమంటాందయ్యా? నన్ను ఏమంటాంది?" అని అడిగింది. డప్పుల మోతలో, దూరంలో, నాకు ఇనబడలా. అప్పుటినుంచి దినానికి నాలుగుమాట్లు అడుగుతాది. సంగటి పెడతా అడుగుతాది, కాలు ఈడ్సుకుంటా వచ్చి అంగట్లో అడుగుతాది.

నువ్వు దగ్గర నిలబడుంటివి గదా. ఇన్నది ఇన్నట్టు రాసి పంపు. అర్థం తెలుగులో రాయొద్దు, మన మాటలోనే రాయి, నిలువు గీతలతో సహా. ముందు నేను చదివి ఆమెకు ఇనిపిస్తా, తర్వాత అర్థం చెప్తా. నీ రాతలో మన మాట చదివేది నాకిప్పుడు వస్తాది. జమ్లీ పోయేముందర నన్ను దిద్ది పెట్టింది.

నీకు చెప్పిన తెల్లకాయితంలో ఒకటి దీంతో పంపుతా ఉండా. అవ్వ షరతు ప్రకారం పైన పేర్లు నేనే రాసి పెట్టినా, చెయ్యి వంకర పోయింది, చూసీ చూడనట్టు పో. కింద నువ్వు నింపు.

"తల్లి వరదమ్మకు. ఏడ్సింది కూతురు జమ్లీ."

నీ అన్న,
రామ్లా